మాతృకయు, ప్రతియు



మన పెద్దలు పొలము కొనునపుడు గట్టుల కొలత విచారింతురు, దస్తావేజుల వరుస పరీక్షింతురు. పిల్లనిచ్చునపుడు వంశమును, నడవడిని అడిగి తెలిసికొందురు. ధాన్యము నిలువచేయునపుడు పాతఱ నేల తడియో పొడియో చూతురు. కాని యిటీవల మన యిండ్లలోనికి వచ్చిన కంప్యూటరునందును, చేతనున్న ఫోనునందును మనము చేర్చుచున్న పత్రములను, ఛాయాచిత్రములను, లెక్కలను ఎవరియొద్ద దాచవలెను, ఏమి విచారించి దాచవలెను అని యడుగువారు మిక్కిలి యరుదు. దూరముననున్న యంత్రములలో మన ఫైళ్లకు నకళ్లు ఉంచి కాపాడెదమని చెప్పు సంస్థలు నేడు పెక్కు గలవు. వాని పనికే ఆన్‌లైన్ బ్యాకప్ అని పేరు. అట్టివానిలో దేనిని నమ్మవలెనో చరిత్రమును సాక్షిగా నిలిపి విన్నవించుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

ఈ విషయమున మాటాడుటకు నాకు గల యర్హత పాండిత్యము గాదు, నష్టము. బడిపంతులుగా విశ్రాంతి పొందిన పిదప 7 సంవత్సరములు మా గ్రామచరిత్రమును సేకరించితిని. చెఱువుల పేర్లు, తూముల పేర్లు, చేల పేర్లు, ఏ గుడి మాన్యమును ఏ యింటివా రనుభవించిరి, ఏ కఱవున ఏ కుటుంబము వలసపోయెను, ఇవన్నియు ముసలివారి నోట విని కాగితములపై వ్రాసికొని, మనుమని సాయమున కంప్యూటరున కెక్కించితిని. అక్షరములు ముత్యములవలె వచ్చినవిగదా యని చిత్తుకాగితములను నీళ్లపొయ్యికి పెట్టితిని. ఒక నకలుండవలెనని మనుమడు పట్టుబట్టగా చిన్న హార్డ్ డిస్కు నొకదానిని కొని, దానియందును ప్రతి తీసి, అదే బల్లమీద అదే యంత్రమునకు తగిలించి యుంచితిని.

ఒక వేసవి సాయంకాలమున పిడుగు పడెను. తీగవెంట వచ్చిన దెబ్బకు కంప్యూటరును, దానికి తగిలించిన డిస్కును ఒక్కసారిగా మాడిపోయెను. పట్టణమున బాగుచేయు కుఱ్ఱవాడు రెండింటిని విప్పి చూచి, "అయ్యవారూ, రెండూ ఒకే తీగకు తగిలిస్తిరి. రెండు పెట్టినట్టు కాదు, ఒకటి పెట్టినట్టే" అనెను. నలువది యేండ్లు పిల్లలకు పాఠము చెప్పిన నాకు ఆ కుఱ్ఱవాడు చెప్పిన పాఠమది. హైదరాబాదుననున్న మా కుమార్తె చదువుటకని అప్పుడప్పుడు ఈమెయిలున పంపిన 40 పుటలు మాత్రము దక్కినవి. తక్కినవి మరల వ్రాసికొందమన్నచో చెప్పినవారిలో పలువురు అప్పటికే కాలధర్మము నొందిరి.

అప్పుడు నాకు మన ప్రాచీనుల పద్ధతి జ్ఞప్తికి వచ్చినది. తాటియాకు గ్రంథములు వ్రాయుకాలమున దేనిని చూచి వ్రాయుదురో దానికి మాతృక యని పేరు. దానినిబట్టి వ్రాసినది ప్రతి. మన దేశపు ఎండకును, తేమకును, చెదలకును తాటియాకు చిరకాలము నిలువదు. కావున ఆకులు శిథిలము గాకమునుపే వేఱొకరు వేఱొక చోట గంటము పట్టి ప్రతి వ్రాసిరి. ఆ ప్రతియే మఱియొక తరమువారికి మాతృకయయ్యెను. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టు భారతరచన కుపక్రమించినాడు. ఆనాటి తాటియాకు నేడు మనకు లేదు, కాని భారతమున్నది. దానిని కాపాడినది ఆకు గట్టితనము గాదు, తరతరముల వ్రాయసకాండ్ర యోపిక.

ఆ వ్రాయసకాండ్రు గ్రంథాంతమున ఒక విన్నపము చేయుట వాడుక. నూనెనుండియు, నీటినుండియు, వదులైన కట్టునుండియు తన్ను రక్షింపుమనియు, తగనివారి చేతికి తన్నీయవలదనియు గ్రంథమే చదువరిని వేడుకొనుచున్నట్లు వ్రాయుదురు. నేటి కంప్యూటరు పండితులు చెప్పు జాగ్రత్తలన్నియు నా నాలుగు మాటలలో నిమిడి యున్నవని నాకు తోచుచున్నది.

ప్రతులు ఒకే యూర నుండుటవలన ప్రయోజనము కొంచెమే. నన్నెచోడుని కుమారసంభవమును తెలుగుదేశపు పండితులు చిరకాలము మఱచియుండిరి. మానవల్లి రామకృష్ణకవిగారు దాని ప్రతిని తంజావూరున కనుగొని 1909లో ప్రకటించిరి. తెలుగు కావ్యము తమిళదేశమున నిలిచి మనకు దక్కెను. నాయకరాజులును, మహారాష్ట్ర ప్రభువులును సరస్వతీమహలున గ్రంథములు చేర్చియుండనిచో ఆ కావ్యము పేరైనను మనము నమ్మకపోయి యుందుము. దూరమున నున్న ప్రతి మహిమ అట్టిది.

మా కడపసీమవారికి ఈ విషయమున ప్రాతఃస్మరణీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఈ దొర 1820లో కడపకు వచ్చెను. తెలుగు గ్రంథములు పురుగుల పాలగుచుండుట చూచి, తన సొమ్ముతో పండితులను నిలిపి, ఊరూర నుండి ప్రతులు తెప్పించి, ఒకదానితో నొకటి సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను 1829లో అచ్చువేయించెను. అంతకుమునుపు మెకంజీ దొర, కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగువారి సాయమున గ్రామగ్రామముల కైఫీయత్తులను సేకరించి యుండెను. ఆ కాగితములు జీర్ణించుచుండగా వానికిని బ్రౌను నకళ్లు వ్రాయించెను. బ్రౌను సేకరించిన గ్రంథములు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి. కడపలో ఆయన బంగళా యుండిన తావున నేడు ఆయన పేర భాషాపరిశోధన కేంద్రము గలదు.

బ్రౌను చేసిన పనిలో నొక సూక్ష్మమున్నది. నకలు తీయించి అటకమీద పెట్టించుటతో ఆయన తృప్తి పడలేదు. నకలును మరల చదివించెను, ఇతర ప్రతులతో పోల్చి చూపించెను. చదివి చూడని ప్రతి ఉన్నదో లేదో చెప్పరాదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన. ఏలయనగా, ఈ యొక్క జాగ్రత్త లోపించుటచేతనే గొప్ప గొప్ప సంస్థలు కూడ నవ్వులపాలయినవి. ఆ కథలు ముందు చెప్పెదను.

ఇక యంత్రయుగమునకు వత్తము. అమెరికా దేశమున 1951లో వెలువడిన యూనివాక్ అను కంప్యూటరు అయస్కాంతపు టేపులపై లెక్కలు వ్రాయుచుండెను. ఆ కాలముననే, అణుబాంబు భయమున, అచటి సంస్థలు తమ దస్తరములకు దూరపు దాపు వెదకుకొనెను. 1951లోనే న్యూయార్కు రాష్ట్రమున పుట్టగొడుగులు పెంచు వర్తకు డొకడు పాడుపడిన యినుప గనిని భద్రపు కొట్టుగా మార్చి వ్యాపారము ప్రారంభించెను. అదియే నేటి ఐరన్ మౌంటెన్ అను సంస్థకు మూలము. ప్రతిని దూరమున దాచుటకు సుంకము చెల్లించు నాచార మిట్లు వ్యాపారముగా స్థిరపడినది.

ఆ యాచారము పాటింపనివారి గతికి ఒక్క నిదర్శనము చాలును. 1973 జూలై 12వ తేదీన సెయింట్ లూయీ నగరమునందలి అమెరికా ప్రభుత్వపు దస్తరఖానాలో అగ్ని ప్రవేశించెను. పూర్వసైనికుల సేవావివరములు గల 160 లక్షల నుండి 180 లక్షల వఱకు కట్టలు దగ్ధమైనవి. వానికి నకళ్లు లేవు, సూక్ష్మచిత్రములును తీయబడలేదు. యుద్ధమున పోరాడి వచ్చిన వృద్ధులు తాము సైనికులమని రుజువు చేసికొనుటకు పిదప ఎన్నియో యేండ్లు ఇతర కార్యాలయముల కాగితములు వెదకవలసివచ్చెను.

ఇంటర్నెట్టు బలపడిన పిమ్మట టేపును బండిలో వేసి గనికి పంపు నవసరము తగ్గెను. తీగమీదనే నకలు పోవ నారంభించెను. 2005 మొదలు 2007 వఱకు గల మూడేండ్లలో మోజీ, కార్బొనైట్, బ్యాక్‌బ్లేజ్ అను సంస్థలు గృహస్థుల కంప్యూటర్ల కొఱకు పుట్టినవి. అంతకుమున్ను అధికముగా పెద్ద వర్తకులకే యుండిన సౌకర్యము సామాన్యునికి సంవత్సరపు చందాతో లభించినది. ఇంటనుండు చిన్న ప్రోగ్రాము మనము నిద్రించుచుండగా క్రొత్త ఫైళ్లను తానే యెఱిగి దూరపు యంత్రమునకు పంపును. వినుటకు కల్పవృక్షమువలె నున్నది. అయినను కల్పవృక్షము క్రిందకూడ అడుగవలసిన ప్రశ్న లైదు గలవు. ఒక్కొక్క ప్రశ్నకును వెనుక నొక్కొక్కరి దుఃఖమున్నది.

మొదటి ప్రశ్న: ఇది ప్రతియా, అద్దమా? లోకమున రెండు విధములగు సేవలున్నవి. ఒకటి, మన ఫైలు ఇచట ఎట్లున్నదో అచటను అట్లే యుండునట్లు చేయునది. దానికి సింక్ అని పేరు. ఇచట తుడిచినచో అచటను తుడువబడును, ఇచట చెడినచో అచటను చెడును. అద్దమున ముఖము చూచుకొనినట్లే. ముఖమున మసియున్న అద్దము నందును మసియే కనబడును. ఇంకొకటి, నిన్నటి రూపమును, మొన్నటి రూపమును వేఱుగా నిలువచేయునది. అదియే నిజమైన బ్యాకప్. తుడిచిన ఫైలును ఎన్ని దినములవఱకు మరల నిత్తురు, పాతరూపముల నెన్నింటిని దాతురు అని ముందుగా అడుగవలెను. 30 దినములే దాచు సేవయందు, మనము మూడు నెలలకు గుర్తించిన పొరపాటునకు విఱుగుడు లేదు.

2017 మే నెలలో వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము దేశదేశములలోని కంప్యూటర్లలో దూరి, ఫైళ్లకు తాళము వేసి, తీయుటకు సొమ్ము అడిగెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కొన్ని కంప్యూటర్లకును ఆ యాపద తప్పలేదు. అట్టి వేళ అద్దమువంటి సేవ తాళము పడిన ఫైలునే మరల చూపును. పాతరూపము దాచిన సేవయే ఆదుకొనును.

రెండవ ప్రశ్న: ప్రతి ఎచ్చట నుండును? 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బర్గు నగరమందు ఓవీహెచ్ అను గొప్ప సంస్థవారి యంత్రశాల యొకటి కాలి బూడిదయ్యెను. అసలును, నకలును ఆ యొక్క యావరణముననే యుంచుకొనిన ఖాతాదారులు రెండింటిని గోల్పోయిరి. 2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణ కొరియాలో డేజన్ నగరమునందలి ప్రభుత్వ యంత్రశాలలో అగ్ని పుట్టి, ఉద్యోగులు తమ పనిఫైళ్లు దాచుకొను నిధి యొకటి నశించెను. దాని పరిమాణము 858 టెరాబైట్లు. అంత పెద్దదానికి వేఱు చోట ప్రతి యుంచుట కష్టమని ఉంచలేదు. ధనమును, విద్యయు గల దేశమునకే ఆ గతి పట్టినది.

మన దేశమున అగ్నితోబాటు నీరును భయమే. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది ప్రాణములు పోయినవి. అట్టి ప్రళయమున మన కాగితము మన యింటనున్నను, నకలు పొరుగింటనున్నను భేదము లేదు. కావున సేవనిచ్చువారి యంత్రశాల మన యూరికి దూరమున నుండవలెను. అంతియగాక వారును తమ నకళ్లను ఒకటికంటె నెక్కువ తావుల నుంతురా యని విచారించవలెను. కొన్ని సేవలలో రెండవ తావునకు వేఱుగా రుసుము చెల్లించవలసి యుండును. చెల్లింపనివారికి ఒక్క తావే.

మూడవ ప్రశ్న: తాళపుచెవి ఎవరియొద్ద నుండును? మంచి సేవలు మన ఫైలును మన యింటనే గుప్తలిపిగా మార్చి పంపును. దానిని విప్పు రహస్యపదము మనకే తెలియునట్లు ఏర్పరచుకొనవచ్చును. అప్పుడు సంస్థవారు కూడ చదువలేరు. ఇందు రక్షణమున్నది, ప్రమాదమును ఉన్నది. పదము మఱచితిమేని సంస్థవారు కూడ మనకు విప్పి యీయలేరు. ధనము పాతిన తావు చెప్పక చనిపోయినవాని కథ మనమందఱము వినినదే.

తాళపుచెవి దొంగచేత పడినను కీడే. కోడ్ స్పేసెస్ అను సంస్థ యొకటి యుండెను. 2014 జూన్ నెలలో దుర్మార్గు డొకడు దాని యజమానుల ప్రవేశాధికారమును కాజేసి, అసళ్లను, నకళ్లను ఒక్క చోటినుండియే తుడిచివేసెను. రెండింటికి ఒక్కటే తాళపుచెవి యగుటచే ఆ సంస్థ మరల లేవలేక మూతపడెను. కావున బ్యాకప్ ఖాతాకు వేఱొకచోట వాడని పాస్‌వర్డు పెట్టవలెను. పాస్‌వర్డు వెంట ఫోనునకు వచ్చు రెండవ సంకేతమునుగూడ అడుగునట్టి యేర్పాటు చేసికొనవలెను.

నాలుగవ ప్రశ్న: తిరిగి తీసికొనుట ఎట్లు? బ్రౌను దొర జాగ్రత్త ఇచట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గిట్‌ల్యాబ్ అనునది ప్రోగ్రాములు వ్రాయు పండితులు తమ వ్రాతలను దాచుకొను సంస్థ. 2017 జనవరి 31వ తేదీన అచటి ఉద్యోగి యొకడు అలసటతో ఒక యంత్రమనుకొని వేఱొక యంత్రమునందలి నిధిని తుడిచివేసెను. సంస్థయందు నకళ్లు తీయు పద్ధతులు ఐదు గలవు. ఒక్కటియు అక్కఱకు రాలేదు. కొన్ని నడచుచున్నవని భ్రమించిరి గాని, తెఱచి చూచిన వా రెవ్వరును లేరు. అంతకు ఆఱు గంటల ముందు వేఱొక పనికై యాదృచ్ఛికముగా తీసిన నకలు ఒకటి దొరకి మానము కాపాడెను. తమ తప్పును దాచక లోకమునకు చెప్పుకొనుట ఆ సంస్థవారి గొప్పతనము.

ఇట్టిదే 1998లో పిక్సార్ అను చిత్రనిర్మాతల యింట జరిగినది. టాయ్ స్టోరీ చలనచిత్రపు రెండవభాగమును తయారు చేయుచుండగా, పొరపాటు ఆజ్ఞ యొకటి పడి చిత్రమున అధికభాగము తుడిచిపోయెను. నకళ్లు తీయుచునే యుండిరి గాని అవి చెడియుండెను. బిడ్డను గనిన గేలిన్ సుస్‌మన్ అను నుద్యోగిని ఇంటనుండి పని చేయుటకై తన యింట నొక ప్రతి యుంచుకొనియుండెను. ఆ యంత్రమును దుప్పట్లలో చుట్టి కారులో నెమ్మదిగా తీసికొనివచ్చిరి. బాలెంతరాలి యింటనున్న ప్రతి అంత పెద్ద చిత్రమును నిలిపినది.

కావున సేవ కుదుర్చుకొనిన వారమునందే ఒక ఫైలును తిరిగి తెప్పించుకొని తెఱచి చూడవలెను. ఏటికి రెండుమారు లట్లే చేయవలెను. సంక్రాంతికిని, వినాయకచవితికిని అని పెట్టుకొనినచో మఱపు రాదు. కాలమును గూడ లెక్కించవలెను. క్షణమునకు 10 మెగాబిట్ల వేగమున పంపు తీగమీద 100 గిగాబైట్లు పోవుటకు, ఎడతెగక నడచినను, 22 గంటలు దాటును. పల్లెలలో కరెంటును, సిగ్నలును ఆగియాగి వచ్చును గావున దినములు పట్టవచ్చును. మొదటి నకలు పూర్తి యగువఱకు మనకు బ్యాకప్ ఉన్నదని తలపరాదు. ఆపదయందు అంతయు ఒక్కసారి కావలసినచో డిస్కున వేసి తపాలాలో పంపుదురా యనికూడ అడుగవచ్చును.

ఐదవ ప్రశ్న: దాచువాని ఆయువెంత? మనకంటె ముందు సంస్థయే పోవచ్చును. నిర్వానిక్స్ అను నిలువసంస్థ 2013 సెప్టెంబరున మూతపడుచు, తమ సొత్తు తీసికొనిపోవుటకు ఖాతాదారులకు మొదట రెండు వారములే గడువిచ్చెను. క్రాష్‌ప్లాన్ అను సంస్థ గృహస్థుల సేవను మానుకొనుచున్నామని 2017 ఆగస్టున ప్రకటించి, 2018 అక్టోబరు వఱకు గడువిచ్చెను. రెండును మూతలే యైనను మర్యాదలో ఎంత భేదమో చూడుడు. సేవ నిలిపినచో ఎన్ని దినముల గడువిత్తురు, చందా ఆగినచో ఫైళ్ల నెన్నాళ్లు ఉంతురు అను సంగతులు నిబంధనలలో వ్రాసియుండును. చదివి సంతకము చేయుట దస్తావేజునకు మాత్రమే చెందిన నియమము గాదు.

ఉచితసేవలకును నియమములు గలవు. రెండేండ్లు ఎవ్వరును తెఱవని ఖాతాలను తుడిచివేయవచ్చునని గూగుల్ సంస్థ 2023లో నిర్ణయించి, ఆ యేటి డిసెంబరునుండి అమలు పెట్టినది. తండ్రి ఖాతాను కొడుకులు రెండేండ్లు తెఱవనిచో తండ్రి ఛాయాచిత్రములు పోవచ్చునన్నమాట.

ఈ యైదు ప్రశ్నలకు తృప్తికరమగు సమాధానము లిచ్చిన సేవను ఎంచుకొనవలెను. ధర చివర చూడవలెను. అయినను ఎంత మంచి సేవయైనను దానిమీదనే భారము వేయరాదు. పీటర్ క్రో అను ఛాయాగ్రాహకుడు ప్రచారమునకు తెచ్చిన సూత్రమొకటి యున్నది: ప్రతులు మూడు, వస్తువులు రెండు విధములు, ఒక్కటి వేఱు తావున. కంప్యూటరున నొకటి, ఇంట విడిగా తీసి పెట్టిన డిస్కున నొకటి, దూరపు సేవయందొకటి. ఇంటి డిస్కును నకలు తీసిన పిదప తీగనుండి ఊడదీయవలెనని నేను స్వానుభవముచే చేర్చుచున్నాను.

కడపటి మాట. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనములను వారి కుమారుడు పెదతిరుమలాచార్యులు రాగిరేకులపై చెక్కించి తిరుమలకొండపై అఱలో భద్రపఱచిరి. పిడుగునకును, చెదలకును చెడని ప్రతి యది. అయినను అది యున్నదన్న యెఱుక లోకమున సన్నగిల్లెను. 1922లో ఆ రేకులు వెలికి వచ్చువఱకు ఆ కీర్తనలలో మిక్కిలి భాగము పాడువారు లేక మూగవోయి యుండెను. ప్రతి యుండుట చాలదు. అది యున్నదనియు, ఎచ్చట నున్నదనియు, ఎట్లు తెఱవవలెననియు ఎఱిగినవా రుండవలెను.

కావున నేను సేవ యెంచుకొనిన పిదప, దాని పేరును, ఖాతాను, రహస్యపదమును ఒక కాగితమున స్ఫుటముగా వ్రాసి, కవరులో పెట్టి లక్కముద్ర వేసి, ఇంటి దస్తావేజులతో గూడ పెట్టెలో నుంచితిని. అట్టిదే మఱియొకటి హైదరాబాదున మా కుమార్తెయొద్ద నున్నది. మనుమనికి చూపించి, ఒకమాఱు వానిచేతనే ఫైలు తెప్పించి చదివించితిని.

దక్కిన ఆ 40 పుటలను ఇప్పుడు నాలుగు చోట్ల నుంచితిని. దక్కని పుటలలో నొకటి మా యూరి చిన్నచెఱువునకు సంబంధించినది. ఆ చెఱువుకట్ట పోయించిన వా రెవ్వరో, తూమునకు ఆ పేరెట్లు వచ్చెనో, మా నీరుగంటి ముసలాయన కట్టమీద కూర్చుండి ఒక పూటంతయు నాకు చెప్పెను. ఆయన ఇప్పుడు లేడు. నాకు కథలో సగము జ్ఞాపకమున్నది, పేరు జ్ఞాపకము లేదు. చెఱువున నీరున్నది, తూము పాఱుచున్నది. అడిగిన పిల్లలకు చెప్పుటకు నాయొద్ద పేరు లేదు.

మీ యూళ్లలో ఇంకను చెప్పగలవా రున్నారు. వ్రాసికొనుడు. వ్రాసినదానికి ప్రతి తీయుడు. తీసిన ప్రతిని దూరమున నుంచుడు. ఉంచినదానిని తెఱచి చూచి, పిల్లలకు దారి చూపుడు.